వాడిపోతున్న మిరప, వంగ, టమాటా నారును కొత్త మట్టిలోకి మార్చి బతికించుకోవడం ఎలా?

మొలకలు బాగానే వచ్చాయి, జంట ఆకులు విచ్చుకున్నాయి. ఆ తర్వాత రోజులు గడుస్తున్నా ఎదుగుదల లేదు. ఆకులు పాలిపోయి, కొసలు మాడి, ఒక్కో మొక్క వాలిపోతోంది. ఒంగోలు, కావలి, నెల్లూరు లాంటి ఊళ్లలో మేడ మీద కూరగాయలు పెంచేవాళ్లలో చాలామంది ఈ దశలోనే నారు పోగొట్టుకుంటారు. ఆ టెన్షన్‌లో చిటికెడు యూరియా వేసేస్తారు, లేదా ఉదయం సాయంత్రం నీళ్లు పోస్తూనే ఉంటారు. దయచేసి ఆ రెండూ చేయకండి. చిన్న నారుకు తిండి చాలా కొద్దిగా చాలు. మన కోస్తా ఊళ్లలో దాన్ని ఎక్కువగా దెబ్బతీసేవి గాలి ఆడని మట్టి, ఆ మట్టిలో పేరుకున్న ఉప్పు. రెండింటికీ ఎరువు మందు కాదు. మొక్కను అక్కడి నుంచి తీసి మంచి మట్టిలో పెట్టాలి. ఆపైన నీళ్లు కూడా మంచివి పోయాలి. ఈ రెండో మాట మర్చిపోవడం వల్లే మట్టి మార్చినా కొందరి నారు మళ్లీ అదే స్థితికి వస్తుంది.

ముందు మొక్కను చూడండి

అన్నిటినీ మార్చాల్సిన పని లేదు, మార్చినా కొన్ని బతకవు. ఉదయం ఎండ ఎక్కకముందే దగ్గర కూర్చుని ఒక్కొక్క మొక్కనూ చూడండి.

మొదలు దగ్గర, సరిగ్గా మట్టిని తాకే చోట, కాండం నీరు పట్టినట్టు మెత్తబడి దారంలా సన్నబడి ఉంటే అది నారుకుళ్లు తెగులు. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి ఆశ పుడుతుంది. కానీ ఆ మొక్క లేవదు. పక్కవాటికి అంటుకోకముందే దాన్నీ, దాని చుట్టూ ఉన్న మట్టినీ చెంచాతో తీసి చెత్తలో వేయండి, కంపోస్టు గుంతలో వేయకండి. అదే ట్రేలో ఇంకా నిలబడి ఉన్నవాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. పొగాకు, మిరప నారుమళ్లు పెంచే రైతులకు ఈ మందు బాగా తెలుసు, ఏ పురుగుమందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని కలపండి.

మిరప ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు చేరాయి. అంచులు కిందికి ముడుచుకుని ఆకు సాగినట్టుంటే నల్లి. పేనుబంక, తెల్లదోమ కూడా ఆకుల అడుగునే దాక్కుంటాయి. ఇలాంటి మొక్కకు మట్టి మార్పు ఏ మేలూ చేయదు. వేపనూనె పిచికారీతో పురుగు సంగతి ముందు చూడండి. ఒక వారం ఆగి, కొత్త ఆకు సాఫీగా వస్తే అప్పుడు మార్చండి.

ఇక మట్టి మార్చితే నిజంగా తేరుకునేవి ఇవి. ఆకు కొసలు, అంచులు గోధుమ రంగులో మాడి, మట్టి పైన తెల్లటి పొర కట్టి ఉంటే అది ఉప్పు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి, వాసన వేస్తూ, మొక్క పసుపు పచ్చగా మారితే వేళ్లకు గాలి ఆడటం లేదు. నీళ్లు పోసిన వెంటనే అంచుల వెంట జారిపోయి మధ్యలో మట్టి రాయిలా ఉంటే అది బిగుసుకుపోయిన రేగడి. కాండం పొడుగ్గా సాగి ఒకవైపు వాలిపోతే వెలుతురు చాల్లేదు. దీన్ని లోతుగా నాటి, ఎండ తగిలే చోటికి చేర్చితే సరిపోతుంది.

జంట ఆకులు మాత్రమే ఉన్న మొక్కను కదపకపోవడం మంచిది. వాటి తర్వాత అసలు ఆకులు రెండు వచ్చేదాకా ఆగండి. అంతవరకు నీళ్లు తగ్గించి, ట్రేను ఎండ నేరుగా పడని వెలుగులో ఉంచితే చాలు. మట్టి మరీ ఉప్పుగా ఉంటే మాత్రం ఆగకుండా మార్చేయాలి. ఆగితే ఉన్న వేళ్లు కూడా పోతాయి.

కొత్త మట్టి

ఇక్కడ తొందరపడకండి. పని అంతా మట్టిలోనే ఉంది.

మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో చేతికందే మట్టి ఊరిని బట్టి మారిపోతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి. పొలంలో బంగారం పండించే మట్టే, కప్పులోనూ ట్రేలోనూ మాత్రం పనికిరాదు. తడిస్తే బంకలా అతుక్కుంటుంది, ఆరితే నెర్రెలిచ్చి ఆ నెర్రెలతో పాటు సన్నటి వేళ్లనూ తెంపేస్తుంది. నెల్లూరు వైపు పెన్నా కింద వరి పొలాల బరువు మట్టి కూడా అంతే. చెరువు మట్టి సారవంతమే, కానీ రేణువు సన్నం. కుండీలో నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి గట్టిపడుతుంది. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇసుక నేల గుల్లగా బాగా కనిపిస్తుంది. ఒడ్డు ఇసుకలో ఉప్పూ, గవ్వల సున్నమూ ఉంటాయి, దాన్ని నారుకు వాడకూడదు. చీమకుర్తి పరిసరాల్లో ఉచితంగా దొరికే గ్రానైట్ పొడి కూడా వద్దు. అది పిండిలా సందుల్ని మూసేసి నీటిని ఆపేస్తుంది.

నారుకు నేను చెప్పే మట్టి ఎర్రమట్టి. కనిగిరి, పొదిలి వైపు గరప నేలల మట్టి దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. జల్లెడ పట్టి రాళ్లు, పాత వేళ్లు తీసేయండి. ఒక డబ్బాను కొలతగా పెట్టుకుని ఇలా కలపండి: ఎర్రమట్టి రెండు డబ్బాలు, కడిగిన కొబ్బరిపొట్టు రెండు డబ్బాలు, బాగా మాగిన వర్మికంపోస్టు ఒక డబ్బా, ఏటి ఇసుక ఒక డబ్బా. వర్మికంపోస్టు అంతకు మించి వేయాలని చేయి లాగుతుంది. వేయకండి. ఒక డబ్బా మించితే దెబ్బతిన్న వేరుకు ఎక్కువే అవుతుంది. దాని బదులు పశువుల ఎరువు వాడాలనుకుంటే అది పేడ వాసన పూర్తిగా పోయి, నల్లగా, చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉండాలి. పచ్చి పేడ, సగం చివికిన ఎరువు వేడి పుట్టించి వేళ్లను కాల్చేస్తాయి.

కొబ్బరిపొట్టు కడగమన్నది ఊరికే కాదు. పీచులో సహజంగానే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. ఉప్పునీళ్లలో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే మరీ ఎక్కువ. ఇటుకలా అచ్చు వేసి అమ్మే కొబ్బరిపొట్టును బకెట్‌లో వేసి మంచినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే గుడ్డలో వేసి పిండేసి, మళ్లీ నీళ్లు పోసి పిండండి. టీ డికాక్షన్‌లా దిగే నీళ్లు లేతరంగుకు వచ్చేదాకా ఇలా చేయాలి. కడగకుండా వాడితే ఏ ఉప్పు నుంచి మొక్కను తప్పించాలనుకున్నారో అందులోనే మళ్లీ పెట్టినట్టవుతుంది.

ట్రైకోడెర్మా విరిడె అనే మేలు చేసే శిలీంధ్రం పొడి దొరికితే కిలో వర్మికంపోస్టుకు 5 గ్రాములు కలిపి, తడి చల్లి, నీడలో గోనెపట్టా కప్పి ఒక వారం ఉంచి ఆ తర్వాత మట్టిలో కలపండి. నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలను అది మట్టిలోనే అదుపు చేస్తుంది. కాపర్ మందు పోసిన కప్పులో దాన్ని వెంటనే వేయకండి, కాపర్ దాన్నీ దెబ్బతీయవచ్చు. వేపపిండి గుప్పెడు కలుపుకోవచ్చు, అదీ వారం ముందే. బూడిద మాత్రం వద్దు. చీడలు పోతాయని చాలా ఇళ్లలో చల్లుతారు గానీ, బూడిద క్షార గుణం ఉన్నది. మన రేగడి, మన బోరు నీళ్లు చాలాచోట్ల ఇప్పటికే ఆ వైపు మొగ్గి ఉంటాయి.

కలిపిన మట్టిని రెండు రకాలుగా పరీక్షించండి. తడిపి పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకొంచెం ఇసుక, కొబ్బరిపొట్టు కలపండి. తర్వాత ఒక కప్పులో నింపి నీళ్లు పోయండి. పైన నిలవకుండా నిమిషంలోపు అడుగు నుంచి కారడం మొదలవ్వాలి.

నీళ్లు

సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో చాలా బోర్లు ఉప్పు. రొయ్యల చెరువులున్న అల్లూరు, ముత్తుకూరు ప్రాంతాల్లో ఈ మాట ఎవరికీ కొత్త కాదు. మీ బోరు సంగతి తెలుసుకోవడానికి బకెట్‌లో నీళ్లు ఎండనివ్వండి. అడుగున తెల్లటి చార మందంగా మిగిలితే ఆ నీళ్లు నారుకు పోయకండి. పెద్ద మొక్కలు కొంత తట్టుకుంటాయి, నారు తట్టుకోదు.

ఒంగోలు కుళాయిల్లో వచ్చే సాగర్ కాలువ నీళ్లు, నెల్లూరులో పెన్నా నీళ్లు నారుకు బాగానే పనికొస్తాయి. క్లోరిన్ వాసన వస్తే ఒక రాత్రి మూత లేని బకెట్‌లో ఉంచి పోయండి. వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టం నుంచి కారే నీటిని శుభ్రమైన డబ్బాలో పట్టండి, అందులో ఉప్పు దాదాపు ఉండదు. పాతిక మొక్కలకు ఆ నీళ్లు సరిపోతాయి. వీటిలో ఏదీ లేకపోతే ఓ రెండు వారాలు తాగే క్యాన్ నీళ్లే వాడండి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం అసలు వద్దు. వృథా చేయకూడదని మొక్కలకు పోసేవాళ్లు చాలామంది, మంచి ఉద్దేశమే. కానీ తాగేనీటి నుంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఎప్పుడు, ఎందులోకి

పొద్దు వాలాక మార్చండి. మొక్కకు రాత్రంతా కోలుకునే సమయం దొరుకుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఏ వేళైనా పరవాలేదు. మే నెలలో పడమటి గాలి వీచే రోజుల్లో వీలైనంతవరకు ఈ పని పెట్టుకోవద్దు. తప్పకపోతే మొక్కల్ని ఇంట్లో కిటికీ పక్కన ఉంచి కాపాడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు. వాయుగుండం వచ్చిందంటే రెండు మూడు రోజులు వదలదు. ఆ కాలంలో మార్చిన నారును సన్‌షేడ్ కింద పెట్టండి. వాన చినుకు లేత మొక్కను మట్టిలోకి కొట్టేస్తుంది.

పెద్ద గ్రో బ్యాగ్‌లోకి ఒకేసారి మార్చకండి. చిన్న వేళ్లు తాగలేనంత తడి చుట్టూ నిలిచి, మళ్లీ వేరు కుళ్లుతుంది. 200 మిల్లీలీటర్ల కాగితం కప్పులు గానీ, పెరుగు డబ్బాలు గానీ చాలు. అడుగున నాలుగైదు రంధ్రాలు పెన్ను దూరేంత పెట్టండి. పాత డబ్బాలైతే సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి.

మార్చే పద్ధతి

1. గంట ముందు పాత ట్రేకు కొద్దిగా నీళ్లు పోయండి. మట్టి మెత్తబడాలి, బురద కాకూడదు. ఆలోగా కప్పుల్లో కొత్త మట్టి ముప్పావు వంతు నింపి తడిపి ఉంచుకోండి. మొక్క చేతిలోకి వచ్చాక అది గాలిలో ఉండే సమయం ఎంత తగ్గితే అంత మంచిది.

2. చెంచా కాడను మొక్కకు అంగుళం దూరంలో లోతుగా దించి, కింది నుంచి పైకి లేపండి. పట్టుకోవాల్సి వస్తే ఆకును పట్టుకోండి, కాండాన్ని కాదు. ఆకు చిరిగితే మరొకటి వస్తుంది, కాండం నలిగితే మొక్క పోతుంది.

3. వేళ్లు చూడండి. తెల్లగా ఉంటే మొక్క బతికే ఉంది. గోధుమ రంగులోకి మారి, వేలితో లాగితే పైపొర ఊడి లోపల దారం మిగిలితే ఆ వేరు చచ్చింది, శుభ్రమైన కత్తెరతో కత్తిరించేయండి. కొన్ని తెల్లవేళ్లు మిగిలినా మొక్క తేరుకుంటుంది. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనబడితే నులిపురుగు పట్టింది. ఆ మొక్కను వదిలేసి, ఆ మట్టిని పక్కన పెట్టేయాల్సిందే.

4. పాత మట్టి మంచిదే, కేవలం చోటు చాలక ఎదగలేదు అనుకుంటే మట్టి గడ్డతో సహా నాటండి. ఉప్పు వల్లనో కుళ్లు వల్లనో మారుస్తుంటే పాత మట్టి దులపాలి. గిన్నెలో మంచినీళ్లు పోసి వేళ్లను మెల్లగా ఆడిస్తే మట్టి దానంతటదే జారిపోతుంది. చేతివేళ్లతో పీకకండి.

5. కప్పు మధ్యలో వేలితో గుంట చేసి మొక్కను దించండి. వేళ్లు మడత పడకుండా కిందికి వేలాడాలి. చుట్టూ మట్టి పోసి, కప్పును నేలకు ఒకసారి తట్టండి, సర్దుకుంటుంది. బొటనవేలితో గట్టిగా అదమకండి.

6. సన్నటి ధారతో, ఒకే ఒక్కసారి, అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోయండి. ప్లాస్టిక్ సీసా మూతకు సూదితో రంధ్రాలు పెట్టుకుంటే ఆ ధార చక్కగా వస్తుంది.

లోతు విషయంలో అన్ని మొక్కలూ ఒకటి కాదు. సాగిపోయిన టమాటాను జంట ఆకుల కిందిదాకా మట్టిలోకి దించేయండి, పూడిన కాండం నుంచి కొత్త వేళ్లు పుడతాయి. మిరప, వంగ మునుపటి కంటే ఒక అర అంగుళం లోతు చాలు. బొప్పాయిని మాత్రం ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టాలి, కాండం పూడితే మొదలు కుళ్లుతుంది. బీర, సొర, దోస, కాకర వేరు కదిలిస్తే ఓర్చుకోవు. వాటి పాదులు కష్టాల్లో ఉంటే మార్చే బదులు మళ్లీ విత్తడమే మేలు, వారం పది రోజుల్లో మొలిచేస్తాయి.

తర్వాత పది రోజులు

మొదటి మూడు రోజులు నేరుగా ఎండ తగలనివ్వకండి. షేడ్ నెట్ లేకపోతే పాత నూలు చీర రెండు మడతలు వేసి కట్టినా చాలు. వెలుతురు రావాలి, ఎండ రాకూడదు. గదిలో చీకటి మూలన పెడితే మళ్లీ సాగుతాయి. నాలుగో రోజు నుంచి ఉదయం ఎనిమిదింటి దాకా ఎండ, తర్వాత తొమ్మిదింటి దాకా, అలా రోజూ కొంచెం పెంచుకుంటూ వారంలో పూర్తి ఎండకు అలవాటు చేయండి. మేడ మీద కప్పుల్ని స్లాబు మీద నేరుగా పెట్టకండి. స్లాబు వేడి అడుగు నుంచి వేళ్లను ఉడికిస్తుంది. ఇటుకల మీద చెక్క పలక వేసి దాని మీద పెట్టండి.

మార్చిన మర్నాడు మధ్యాహ్నం మొక్కలు వాలిపోయి కనిపిస్తాయి. అది చూసి గాభరాపడి నీళ్లు పోస్తే మొత్తం శ్రమ వృథా. సాయంత్రం దాకా ఆగండి. చల్లబడ్డాక లేచి నిలబడితే వేరు పని చేస్తున్నట్టే. తెల్లవారినా లేవకపోతే వేలు మట్టిలో పెట్టి చూడండి. రెండో కణుపు దాకా పొడిగా ఉంటే నీళ్లు పోయండి. తడిగానే ఉంటే పోయకండి, ఇంకా ఎక్కువ నీడలోకి జరపండి.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. దాన్ని చూస్తూ బెంగపెట్టుకోవద్దు. చూడాల్సింది నడినెత్తిన చిగురు. అక్కడ కొత్త ఆకు లేతపచ్చగా, ముడత లేకుండా విచ్చుకుంటే మొక్క గట్టెక్కింది. మిరప ఈ విషయంలో నెమ్మది, టమాటా చకచకా లేస్తుంది, కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చి మిరపను తొందరపెట్టకండి.

కొత్త ఆకులు రెండు వచ్చాకే తిండి పెట్టండి. వర్మివాష్ (వానపాముల ఎరువు నుంచి దిగే ద్రవం) ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి పోయవచ్చు, లేదా 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే) ఎరువు లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున వారానికి ఒకసారి. ఇంతకంటే చిక్కగా వద్దు. ఇంట్లో మిగిలిన డీఏపీ గుళికలు కప్పులో వేయడం అసలే వద్దు.

కప్పు రంధ్రాల్లోంచి తెల్లటి వేరు కొసలు తొంగిచూసినప్పుడు పెద్ద బ్యాగ్‌కు వేళైంది. మిరపకు, వంగకు పన్నెండు అంగుళాల బ్యాగ్‌లో ఒక్కో మొక్క. ఈసారి మట్టి గడ్డ చెదరకుండా మొత్తంగా దించాలి. ఈ బ్యాగ్ మట్టిలో రేగడి కొద్దిగా కలపవచ్చు, ఎదిగిన వేరు దాన్ని తట్టుకుంటుంది, ఎండాకాలం తడి నిలుపుకోవడానికి సాయపడుతుంది కూడా. పొలంలోనో పెరట్లోనో నాటేవాళ్లు మట్టి పరీక్ష చేయించుకుంటే ఉప్పు ఎంత ఉందో కచ్చితంగా తెలుస్తుంది. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ, దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో గానీ అడగండి.

దులిపేసిన పాత మట్టిని పారబోయనక్కర్లేదు. ఉప్పు వల్ల చెడిందైతే రంధ్రాలున్న బకెట్‌లో పోసి, ఆ మట్టికి రెండు మూడింతల మంచినీళ్లు దాని గుండా కారనివ్వండి. వానల్లో ఆరుబయట పెట్టినా అదే పని జరుగుతుంది. తెగులు మట్టిని విడిగా దాచి ఏప్రిల్, మే నెలల్లో తడిపి, మేడ మీద పలచగా పరిచి, పారదర్శకమైన పాలిథీన్ షీటు గాలి దూరకుండా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు వద్దు, ఇవతలి నుంచి అవతలికి కనిపించేదే కావాలి. ఎండ లోపలికి దిగి మట్టిని వేడెక్కించాలి మరి. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు ఆ షీటు కింద తెగులు శిలీంధ్రాలు, నులిపురుగులు చాలావరకు చస్తాయి. ఆ తర్వాత అందులో వర్మికంపోస్టు, ట్రైకోడెర్మా కలిపి పెద్ద మొక్కల బ్యాగుల్లో వాడుకోండి. నారుకు మాత్రం ప్రతిసారీ కొత్త మట్టే కలపండి.